సీఎల్ఏ క్లాసిక్ కంప్రెసర్లు: కరీంనగర్‌లో ఒక మేడగదిలో పదకొండు నెలలు వాడాక

వేవ్స్ కంపెనీ వాళ్ల సీఎల్ఏ క్లాసిక్ కంప్రెసర్స్ బండిల్‌ని పదకొండు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఇందులో సీఎల్ఏ-2ఏ, సీఎల్ఏ-3ఏ, సీఎల్ఏ-76 అని మూడు ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయి. 76లో మళ్లీ బ్లూయీ, బ్లాకీ అని రెండు రకాలు. 1960లలో అమెరికాలో తయారైన మూడు పాత కంప్రెసర్ పెట్టెలకు ఇవి కంప్యూటర్ నకళ్లు. అలాంటి పెట్టెల్ని ర్యాకుల నిండా పేర్చుకుని పాటలు మిక్స్ చేసే ఇంజనీర్ క్రిస్ లార్డ్-ఆల్జితో కలిసి వీటిని తయారుచేశారు. సీఎల్ఏ అన్నది ఆయన పేరులోని పొడి అక్షరాలే.

నా పరిస్థితి ముందే చెప్పేస్తాను, అప్పుడు నా మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోవచ్చు. పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. సాయంత్రం ఆరున్నర నుంచి మేడమీద గదిలో జానపద పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేస్తాను. గది పది అడుగులకు పన్నెండు. గోడలకు పాత బొంతలు వేలాడదీశాను. ఏసీ లేదు, టేక్ తీసుకునేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తాం. ఒక కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఐదేళ్ల నాటి ల్యాప్‌టాప్: సామానంతా ఇంతే. బతుకమ్మకు నెలన్నర ముందు నుంచి ఈ గదిలో ఊపిరాడదు, అన్ని పాటలు వస్తాయి.

కంప్రెసర్ అంటే ఏంటో తెలియని వాళ్లకు నాలుగు మాటలు. ఫంక్షన్లలో మైకు సెట్ అబ్బాయి ఫేడర్ మీద వేలు పెట్టుకుని కూర్చుంటాడు కదా. పాడేవాళ్లు గట్టిగా ఎత్తుకోగానే కొంచెం దించుతాడు, తగ్గగానే మళ్లీ పైకి తెస్తాడు. కంప్రెసర్ చేసేది ఆ పనే. ఆ వేలు ఎంత త్వరగా దిగుతుందో దాన్ని అటాక్ అంటారు. ఎంత నిదానంగా పైకొస్తుందో దాన్ని రిలీజ్ అంటారు. ఎంత శబ్దం దాటితే వేలు కదలాలో అది థ్రెషోల్డ్. దాటినదాన్ని ఎంత అణచాలో అది రేషియో. ఈ నాలుగు మాటలూ నాకు మూడేళ్ల క్రితమే నోటికి వచ్చు. చెవికి మాత్రం రాలేదు.

రీపర్‌తో పాటే రియాకాంప్ అనే కంప్రెసర్ ఉచితంగా వస్తుంది. అది మంచి పనిముట్టు, ఇప్పటికీ వాడతాను. కానీ దాని ముందు కూర్చుంటే నాకు కనబడేవన్నీ అంకెలే. హైదరాబాద్‌లో ఒక వీకెండ్ కోర్సు చేశాను. అక్కడ ఒక కాగితం చేతిలో పెట్టారు. గొంతుకు రేషియో ఇంత, అటాక్ ఇంత, రిలీజ్ ఇంత అని. ఏడాది పాటు ఆ కాగితం గోడకు అతికించుకుని, వచ్చిన ప్రతి గొంతుకూ అవే అంకెలు కొట్టాను. ఒక్కో గొంతు ఒక్కో రకంగా పాడైపోయేది. ఎందుకో తెలిసేది కాదు. రాత్రి పన్నెండింటికి పాట పంపిస్తే పొద్దున ఛానెల్ వాళ్ల నుంచి "వోకల్ కూర్చోలేదు బ్రదర్" అని మెసేజ్ వచ్చేది. ఆ టెన్షన్‌తోనే దుకాణానికి వెళ్లేవాణ్ని.

అప్పుడు కొన్నది సీఎల్ఏ-2ఏ ఒక్కటే. బండిల్‌కి తర్వాత మారాను.

దీనికి మూలం టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ. కాలిఫోర్నియాలో జేమ్స్ లారెన్స్ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఎల్ఏ అంటే లెవలింగ్ యాంప్లిఫయర్. రేడియో స్టేషన్లలో మాటా పాటా ఒకే మట్టంలో వెళ్లడానికి పుట్టిన పెట్టె ఇది, పేరులోనే ఆ పని ఉంది. ముందు భాగంలో పెద్ద నాబ్‌లు రెండే: పీక్ రిడక్షన్, గెయిన్. ఒకటి ఎంత అణచాలో, ఇంకొకటి అణిచాక ఎంత పెంచాలో. కంప్రెస్, లిమిట్ అని ఒక స్విచ్. అటాక్ నాబ్ లేదు, రిలీజ్ నాబ్ లేదు, రేషియో అంకె లేదు.

మొదటి రోజు నాకు దీన్ని చూస్తే కాళ్లూ చేతులూ ఆడలేదు. నా గోడ మీది కాగితంలో ఉన్న అంకెలు కొట్టడానికి ఇందులో చోటే లేదు. ఇక వినడం తప్ప వేరే దారి లేకపోయింది. ఏడాదిలో రానిది రెండు వారాల్లో రావడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఆ వారం నా దగ్గర ఉన్నది మా అక్క పాడిన నాట్ల పాట. సొంత అక్క కాదు, మా వాడలోనే ఉంటుంది, నన్ను తమ్మీ అని పిలుస్తుంది. చరణం ఎత్తుకునేటప్పుడు పక్కనున్న మనిషితో ముచ్చట పెట్టినంత మెల్లగా పాడుతుంది. పల్లవికి వచ్చేసరికి ఒడ్డు మీద నిలబడి అవతలి మడిలో ఉన్నవాళ్లను పిలిచినట్టు గొంతు లేస్తుంది. మీటర్‌లో చూస్తే రెండింటికీ పదిహేను డీబీల (డెసిబెల్స్, శబ్దం ఎత్తుకు కొలత) తేడా. చరణం వినబడేలా పెడితే పల్లవి చెవులు చిల్లులు పొడుస్తుంది, పల్లవికి సరిపెడితే చరణం డోలక్ కింద మునిగిపోతుంది. అంతకు ముందు నా పాత అంకెలతో చేసి వినిపిస్తే అక్క హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "తమ్మీ, ఇది నా గొంతు లెక్క లేదు. ఎవరో నోరు మూసి పాడిచ్చినట్టున్నది" అంది.

2ఏ వేసి పీక్ రిడక్షన్ సున్నా నుంచి మెల్లగా తిప్పుకుంటూ పోయాను. ఎన్ని డీబీలు అణుస్తోందో చూపే గెయిన్ రిడక్షన్ మీటర్ ముల్లు చరణంలో కదిలీ కదలనట్టు ఉంది. పల్లవి రాగానే ఎడమకు వంగి ఐదు దాకా పోయింది. పల్లవి అయిపోయాక ముల్లు మొదట సగం దూరం చటుక్కున వచ్చేసింది. మిగతా సగం మాత్రం తీరిగ్గా, ఊపిరి వదిలినట్టు వచ్చింది. ఆ రెండో సగాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాను. నా కాగితంలో రిలీజ్‌కి ఒకటే అంకె. ఇక్కడ రిలీజ్ రెండు అంచెల్లో జరుగుతోంది. అదీ ప్రతిసారీ ఒకేలా లేదు.

ఎందుకిలా అని తర్వాత చదివి తెలుసుకున్నాను. అసలు పెట్టెలో టీ4 అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఒక వెలిగే పలక, దానికి ఎదురుగా కాంతిని బట్టి నిరోధం మారే క్యాడ్మియం సల్ఫైడ్ సెల్. శబ్దం పెరిగితే పలక ఎక్కువ వెలుగుతుంది, ఆ వెలుగు సెల్ మీద పడి శబ్దాన్ని అణుస్తుంది. లారెన్స్ అంతకు ముందు టైటన్ క్షిపణుల కోసం కాంతి సెన్సర్ల మీద పనిచేసినవాడు, ఆ అనుభవం ఇక్కడికి తెచ్చాడు. అటాక్ సుమారు పది మిల్లీసెకన్లు. రిలీజ్‌లో మొదటి సగం అరవై మిల్లీసెకన్ల చుట్టూ అయిపోతుంది, మిగతా సగానికి అర సెకను నుంచి ఐదు సెకన్ల దాకా పడుతుంది. సెల్ మీద ఎంతసేపు, ఎంత గట్టిగా వెలుగు పడిందో దాన్ని బట్టి ఆ సమయం మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో బాయి కాడి నుంచి ఇంట్లోకి వస్తే కళ్లకు కాసేపు ఏమీ కనబడదు కదా. రెండు నిమిషాలు ఎండలో నిలబడితే ఒక తీరు, రెండు గంటలు నిలబడితే ఒక తీరు. ఈ సెల్ కూడా అంతే. ప్లగిన్‌లో వెలుగూ లేదు, సెల్లూ లేదు, అంతా లెక్కలే. అయినా ఆ నడకను చక్కగా పట్టుకున్నారు. అక్క గొంతు పల్లవి నుంచి చరణంలోకి దిగేటప్పుడు వాల్యూమ్ ఎగిరిపడకుండా, మనిషే తగ్గించుకున్నట్టు దిగింది.

ఇక్కడే ఇంకో సంగతి. కంప్రెస్ చేశాక గెయిన్ పెంచితే పాట మొత్తం పెద్దగా వినబడుతుంది, పెద్దగా వినబడితే చెవికి అదే మేలనిపిస్తుంది. ఇన్నాళ్లూ నేను మోసపోయింది అక్కడే. అందుకే ఇప్పుడు మా ఎనిమిదేళ్ల బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటాను. బైపాస్ చేసినా (అంటే ప్లగిన్‌ని పక్కకు తప్పించినా) చేయకపోయినా శబ్దం ఒకే ఎత్తున ఉండేలా గెయిన్ సరిచేస్తాను. తర్వాత నేను కళ్లు మూసుకుంటాను, తను బైపాస్ మీట నొక్కుతుంది. ఏది నొక్కిందో చెప్పదు. తేడా ఏముందో నేను చెప్పాలి. మొదటి రోజు పదిసార్లలో నాలుగుసార్లు సరిగ్గా చెప్పాను, అంటే ఊహించి చెప్పినట్టే లెక్క. మూడో వారానికి తొమ్మిది. తనే ఒకరోజు, "నాన్నా, ఇందాక అత్త గడప అవతల ఉన్నది, ఇప్పుడు లోపలికి వచ్చి కూచున్నది" అంది. కంప్రెషన్ గురించి ఆ కోర్సులో విన్న రెండు రోజుల క్లాసు కన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది. గొంతు ఎంత ముందుకు వచ్చింది, ఎంత వెనక్కి పోయింది అని వినడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ఎక్కువ వాడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ముల్లు పదీ పన్నెండూ దాటితే గొంతు ప్రాణం పోతుంది. దానితో పాటు గొంతు లేని చోట గది పైకి తేలుతుంది. ఒక పాటలో చరణాల మధ్య పక్కింటి కుక్కర్ కూత స్పష్టంగా వినబడింది. టేక్ తీసుకున్నప్పుడు అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు ట్రాక్ శుభ్రం చేసి, ఆ తర్వాతే కంప్రెసర్ వేయండి. హైఫ్రీక్ అనే చిన్న స్క్రూ లాంటి నాబ్ ఒకటుంది, దాన్ని తిప్పితే పెట్టె పై ఫ్రీక్వెన్సీలకు ఎక్కువ స్పందిస్తుంది. సకారాలు మరీ కోసుకుపోతుంటే కొంత పనికొస్తుంది, సకారాలను తగ్గించడానికే ఉన్న డీ-ఎస్సర్‌కి బదులు మాత్రం కాదు.

ఇప్పుడు 76. అసలు పెట్టె 1176ని బిల్ పుట్నం 1967లో తెచ్చాడు. దానికి ముందు ఆయనదే 176 అనే వ్యాక్యూమ్ ట్యూబుల పెట్టె ఉండేది. ట్యూబుల చోట ఎఫ్ఈటీ అనే ట్రాన్సిస్టర్ పెట్టి దీన్ని చేశాడు. విచిత్రం ఏంటంటే ఎల్ఏ-2ఏ హక్కులు కూడా అదే ఏడాది పుట్నం కంపెనీ చేతికే వచ్చాయి. మనం ఇవాళ పక్కపక్కన పెట్టి వాడే రెండూ అప్పటి నుంచి ఒకే ఇంట్లో పెరిగాయన్నమాట.

గుణం మాత్రం పూర్తిగా వేరు. 1176 అటాక్ 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల దాకా. అంటే బాగా నిదానంగా పెట్టినా ఒక మిల్లీసెకను కూడా పట్టదు. రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకను దాకా. థ్రెషోల్డ్ నాబ్ ఉండదు. థ్రెషోల్డ్ లోపల స్థిరంగా ఉంటుంది, ఇన్‌పుట్ నాబ్ పెంచి శబ్దాన్ని దాని మీదికి తోయాలి. రేషియోకు నాలుగు మీటలు: 4, 8, 12, 20.

ఇందులో నేను పెద్ద తప్పే చేశాను. అటాక్, రిలీజ్ నాబ్‌ల మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. అంకె పెరిగితే సమయం పెరుగుతుందని అనుకున్నాను. కానీ ఇందులో తిరగేసి ఉంటుంది, ఏడు అంటే అన్నింటికన్నా వేగం, ఒకటి అంటే నిదానం. అసలు పెట్టెలోనూ అంతే, ప్లగిన్‌లో దాన్ని అలాగే ఉంచారు. అది తెలియక డప్పు ట్రాక్ మీద అటాక్ ఏడులో పెట్టి, దెబ్బను వదిలేస్తున్నాననుకుని, నిజానికి దెబ్బ తలను నరికేశాను.

డప్పు గురించి కొంచెం ఆగి చెప్పాలి. మా దగ్గర వాయించే కాక వాయించే ముందు మెట్ల కింద గడ్డి మంట పెట్టి డప్పును కాస్తాడు. కాగిన తోలు బిగిసి ఖణేల్‌మంటుంది. ఓ ఇరవై నిమిషాలకు చల్లబడి గొంతు దిగుతుంది, మళ్లీ కాయాలి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర దెబ్బకు గుండె అదరాలి, చిటికెన పుల్ల దాని చుట్టూ చినుకుల్లా పడాలి. మొదటి మిక్స్ విని కాక ఒక్కటే మాట అడిగాడు: "బిడ్డా, సిర్ర ఏడ వోయింది?" దెబ్బ పడే ఆ మొదటి రెండు మూడు మిల్లీసెకన్లలోనే సిర్ర ఉంటుంది. నేను దాన్ని 20 మైక్రోసెకన్లలో పట్టుకుని నొక్కేశాను. మిగిలింది తోలు మోత ఒక్కటే.

అటాక్ రెండుకు తెచ్చాను. రిలీజ్ ఆరున్నర. రేషియో 4. ఇన్‌పుట్ పెంచి, ముల్లు సిర్ర దెబ్బకు నాలుగైదు డీబీలు వంగేలా పెట్టాను. సిర్ర తిరిగి వచ్చింది. దానికన్నా నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. రిలీజ్ వేగంగా ఉండడం వల్ల దెబ్బ అయిపోగానే కంప్రెసర్ వదిలేస్తోంది, మధ్యలో పడే చిటికెన పుల్ల చినుకులు పైకి వచ్చాయి. రిలీజ్‌ని మూడుకు తగ్గిస్తే ఆ చినుకులు మునిగిపోయాయి, మళ్లీ ఆరున్నరకు తెస్తే తేలాయి. నాబ్ అటూ ఇటూ తిప్పుతూ అరగంట అదే విన్నాను. రిలీజ్ అంటే ఏంటో నాకు చెవితో తెలిసింది ఆ రాత్రే. అప్పటి నుంచి నేను పాటించేది ఒకటే: తర్వాతి సిర్ర దెబ్బ పడేలోగా ముల్లు సున్నాకు తిరిగి రావాలి. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు. ఈ లెక్క మనసులో పెట్టుకుంటాను, చేత్తో తిప్పేది మాత్రం ముల్లు తాళానికి ఆడే దాకా.

మీటల్లో ఆల్ అని ఐదోది ఉంటుంది. పాత పెట్టెలో నాలుగు మీటలూ ఒకేసారి నొక్కితే సర్క్యూట్ వేరేలా నడిచి శబ్దం మొరటుగా చిట్లేది. తయారుచేసినవాళ్లు ఊహించని వాడకం అది, ఇంజనీర్లు కనిపెట్టి వాడుకలోకి తెచ్చారు. డప్పును నేరుగా అందులో వేయొద్దు. డప్పుకు ఇంకో కాపీ తీసి, దాన్ని ఆల్‌లో బాగా నలిపి, అసలు ట్రాక్ కింద వినబడీ వినబడనట్టు కలపండి. పదిమంది దరువేస్తున్న ఊరేగింపు వెనక నడుస్తున్నట్టుంటుంది. నా గదిలో ఒక్క కాకతో ఆ నిండుదనం రావడం నాకు నిజంగా పెద్ద సంతోషం.

బ్లూయీ, బ్లాకీల తేడా: మొదట్లో వచ్చిన 1176లకు ముందు పలక మీద నీలం పట్టీ ఉండేది, తర్వాతవి నల్లవి. బ్లూయీ కొంచెం గరుకు, డప్పుకు నాకు అదే. బ్లాకీ శుభ్రం, గొంతుకు అది.

గొంతుకు రెండూ కలిపి వాడే పద్ధతి చాలామంది చెప్తారు, నాకూ అదే కుదిరింది. ముందు 76 బ్లాకీ, రేషియో 4, అటాక్ మూడు, రిలీజ్ ఆరు, ఎగిరిపడే మాటల మీద మాత్రమే రెండు డీబీలు. దాని తర్వాత 2ఏ, మూడు నాలుగు డీబీలు. మొదటిది కుదుపులు తీసేస్తే రెండోది నిదానంగా మట్టం చేస్తుంది. ఒక్కదానితోనే ఆరు డీబీలు లాగితే వినబడే శ్రమ ఇందులో వినబడదు. నాట్ల పాట ఇలా చేసి పంపాక అక్క రెండుసార్లు విని, "ఇప్పుడు మడిల నిలవడి పాడినట్టే ఉన్నది" అంది. ఊపిరి చప్పుళ్లు మాత్రం ఎక్కువయ్యాయంది. అది నిజమే. కంప్రెసర్ ఊపిరిని కూడా పైకి తెస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా ఎడిటింగ్‌లోనే తగ్గించాను, గంట పట్టింది.

3ఏ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 1969లో వచ్చిన ఎల్ఏ-3ఏ దీనికి మూలం. అదే టీ4 డబ్బా, ట్యూబుల బదులు ట్రాన్సిస్టర్లు. 2ఏ కన్నా చురుకు. గిటారుకు, మా డోలక్‌కి బాగుంది. కానీ 2ఏ, 76 ఉన్నవాళ్లకు ఇది లేకపోతే ఆగిపోయే పని ఏదీ నాకు కనబడలేదు.

కొన్నవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, అనలాగ్ అనే స్విచ్. 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్, ఆఫ్ అని ఉంటుంది. పాత పెట్టెల రొద, కరెంటు మూలుగు కూడా కావాలనేవాళ్ల కోసం పెట్టింది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఒక్క ట్రాక్‌లో తెలియదు గానీ, పద్దెనిమిది ట్రాకుల మీద ప్లగిన్ వేసి అన్నింట్లో ఆన్‌లో ఉంచితే పాట మొదలవ్వక ముందే బుస్సుమని వినబడుతుంది. నేను అన్నింట్లో ఆఫ్ చేసి, దాన్నే ప్రీసెట్‌గా దాచుకున్నాను. రెండోది, లోపలికి పంపే శబ్దం ఎత్తు. ఈ తరహా ప్లగిన్లకు సగటున మైనస్ 18 డీబీ చుట్టూ శబ్దం ఇస్తే నాబ్‌లు నడుమ పని చేస్తాయి. నేను మొదట్లో ఎరుపు అంటుకునేంత గట్టిగా రికార్డ్ చేసేవాణ్ని. పీక్ రిడక్షన్ కొంచెం కదిపితే చాలు, ముల్లు ఎడమ గోడకు కొట్టుకునేది. 76లోనైతే ఇన్‌పుట్ దాదాపు మూసేయాల్సి వచ్చేది. తప్పు ప్లగిన్‌ది కాదు, నా రికార్డింగ్‌ది.

శబ్దం పెద్దగా ఉండాలని మొత్తం పాటను నలిపేసే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట: యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత) చుట్టూ దాటిన పాటను తనే దించుతుంది. అంత నలిపినా చివరికి మిగిలేది నలిగిన పాటే. పాట మీద జాలి ఉంటే ఆ పని చేయకండి.

డబ్బు సంగతి. ఈ కంపెనీ ప్లగిన్లకు అసలు ధర పెట్టి కొనాల్సిన పని లేదు, సేల్ ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఒక్కో ప్లగిన్ 29.99 డాలర్లకు తరచూ వస్తుంది. డాలర్లలో కట్టాలి కాబట్టి కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, బ్యాంకు వేసే అదనపు రుసుము కూడా లెక్కలో పెట్టుకోండి. 2023 మార్చిలో కంపెనీ ఇక చందా పద్ధతి మాత్రమే అని ప్రకటించి, వాడేవాళ్లు గొడవ పెట్టడంతో కొద్ది రోజుల్లోనే విడిగా కొనుక్కునే పద్ధతిని తిరిగి తెచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. నేను విడిగా కొన్నాను. ఏడాది దాకా అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత కొత్త వెర్షన్ కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. పాతదే చాలనుకుంటే అది పనిచేస్తూనే ఉంటుంది.

ఇంతకు ముందు నేనూ దొంగ కాపీలు వాడాను. ఓ రాత్రి సగం మిక్స్‌లో ల్యాప్‌టాప్ నల్లబడి, రెండు పాటల ఫైళ్లు పోయాయి. ఆ పాటల్లో ఒకటి పాడిన పెద్దమ్మ గొంతు తర్వాత పోయింది. మళ్లీ పాడలేదు. అందుకే ఇప్పుడు ఎవరు దొంగ కాపీ అడిగినా ఇవ్వను. అసలు ఎల్ఏ-2ఏ పెట్టె కొత్తది కొనాలంటే ఇవాళ లక్షల్లో మాట. దాని నడకను మూడు వేల రూపాయల లోపు నా గదిలోకి తెచ్చినవాళ్లకు ఆ డబ్బు ఇవ్వడం న్యాయం.

కొనాలా అంటే నా సమాధానం ఇదీ. మీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే కంప్రెసర్లలోనే ఆప్టో (2ఏ లాంటి, వెలుగుతో నడిచే రకం), ఎఫ్ఈటీ (76 లాంటి) రకాలు ఉన్నాయేమో ముందు చూడండి. ఉదాహరణకు యాపిల్ వాళ్ల లాజిక్ ప్రోలో ఉన్నాయి, వాటితోనే ఇదంతా నేర్చుకోవచ్చు. రీపర్ లాంటివి వాడేవాళ్లు, గొంతు మీద ఎక్కువ పని ఉన్నవాళ్లు 2ఏ ఒక్కటి తీసుకోండి. రెండు మూడు నెలలు అదొక్కటే వాడండి. డప్పు, డోలక్, తబలా రికార్డ్ చేస్తుంటే తర్వాత 76. 3ఏ కోసం బండిల్‌కి పోవద్దు. రెండింటి ధర మీద వంద రెండొందల తేడాతో వస్తుంటే సరే.

ఏడు రోజుల డెమో ఇస్తారు. పాట చేతిలో లేనప్పుడు డెమో మొదలుపెట్టకండి. మెల్లగా మొదలై గట్టిగా లేచే గొంతు ఒకటి, దరువు ఒకటి ముందే రికార్డ్ చేసి పెట్టుకోండి. పక్కన బైపాస్ నొక్కడానికి ఒక మనిషిని చూసుకోండి. మా ఇంట్లో ఆ ఉద్యోగానికి జీతం రోజుకో ఐస్‌క్రీం.